ఒకటో నంబరు చీటీ

మా ఫ్యాక్టరీలో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గాలి మామ అంటేనే తెలుస్తుంది. మేం తలుపులూ బీరువాలూ చేస్తాం. రంగు కొట్టే గన్నూ, మేకులు దిగ్గొట్టే పనిముట్టూ, చెక్కలు నొక్కిపట్టే బిగింపులూ అన్నీ గాలితోనే నడుస్తాయి. ఆ గాలిని పైపుల్లోకి నెట్టే రెండు కంప్రెసర్లూ ఇరవై రెండేళ్లుగా నా చేతిలోనే ఉన్నాయి. "మామా, గాలి చాలట్లేదు" అని ఎవరొచ్చినా ప్రెషర్ ఓ మెట్టు పెంచేవాణ్ణి. అడిగినవాడికి లేదనడం నా ఇంటా వంటా లేదు.

అలా పెంచీ పెంచీ, రెండూ పొద్దస్తమానం ఊపిరి సలపకుండా తిరిగే దాకా వచ్చింది. మూడోది కొనాల్సిందేనని యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన సరేననబోతుండగా నా మేనకోడలు అడ్డుపడింది.

మా అక్క కూతురు. మా దగ్గర మెయింటెనెన్స్ ఇంజినీరుగా కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"మూడోది వద్దు సార్. ఉన్న గాలే దారిలో కారిపోతోంది. ఒక్క వారం టైమివ్వండి."

"వారం తర్వాత కూడా ఇంతేనంటే?" అన్నాడాయన.

"నన్ను పంపించేయండి."

నాకు ఒళ్లు మండింది. ఆ ఉద్యోగం కోసం అది ఎన్ని గడపలు ఎక్కి దిగిందో నాకు తెలుసు. బయటికొచ్చాక పట్టుకున్నాను. "నోరా, వీపుకు తేకే అన్నారు పెద్దలు. నీకెందుకే ఈ పందేలు?"

"చిల్లికుండలో నీళ్లు పోస్తున్నావు మామయ్యా. ప్రెషర్ ఎంత పెంచితే చిల్లుల్లోంచి అంత ఎక్కువ పోతుంది."

నా ఇరవై రెండేళ్ల దానగుణాన్ని ఒక్క ముక్కలో తీసిపారేసింది.

మర్నాటి నుంచి సబ్బునీళ్ల డబ్బా పట్టుకుని పైపుల వెంట తిరగడం మొదలుపెట్టింది. అతుకు కనబడితే సబ్బునీళ్లు పూస్తుంది. బుడగ పొంగిందా, అక్కడ గాలి పోతున్నట్టే. నంబరు వేసి ఎర్ర చీటీ కడుతుంది. వెనకాలే ఫిట్టరు వచ్చి బాగుచేస్తాడు. కంప్రెసర్ల హోరుకి కాయలు కాసిన నా చెవులకు ఆ బుస్సులేవీ ఏనాడూ వినబడలేదు.

మొదటి చీటీ మీద రెండు అని ఉంది.

"లెక్క రెండు నుంచి మొదలెట్టావేంటే? బళ్లో ఒకటి నేర్పలేదా?"

"ఒకటి పక్కన పెట్టాను మామయ్యా" అని నవ్వి వెళ్లిపోయింది.

వారం తిరిగేసరికి చీటీలు నలభై ఒకటి దాకా వెళ్లాయి. శనివారం భోజనాల వేళ యజమాని కంప్రెసర్ల గదికి వచ్చాడు. పనిముట్లన్నీ ఆగాయి. ఒక్క కంప్రెసర్ మాత్రం నడిపి ట్యాంకు నింపాం. నిండాక అది ఆగింది. పది నిమిషాల పాటు మళ్లీ లేవకపోతే పిల్ల గెలిచినట్టు.

గేజు ముల్లు మెల్లిగా కిందికి జారింది. నాలుగో నిమిషంలో కంప్రెసర్ మళ్లీ గర్జించింది.

"చూశావా అమ్మా" అంటూ ఆయన మూడోదానికి ఆర్డరివ్వడానికి ఫోను తీశాడు. పిల్ల మొహం పాలిపోయింది.

సరిగ్గా అప్పుడు నా మెడ మీద చల్లగా గాలి తగిలింది.

కుర్చీ వెనక గోడ మీది పైపుకి ఎప్పుడో ఓ సన్న గొట్టం తగిలించుకున్నాను, ఉక్కపోతకి. పిడి విరిగి ఆ వాల్వు ఏళ్ల తరబడి మూతపడలేదు. పైన నా చొక్కా వేలాడుతుంటుంది. ఇంత ఫ్యాక్టరీలో వేలెడు గొట్టం ఏపాటి అనుకున్నాను. అసలు, అది ఉందనే మర్చిపోయాను.

చెబితే ఇన్నేళ్ల పరువూ ఆయన ముందు గంగలో కలుస్తుంది. పిల్ల నా వైపు చూడలేదు, గేజునే చూస్తోంది.

"సార్, ఇంకో లీకుంది. అది నాది" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. చొక్కా తీసి చూపించి, గొట్టం మడిచి తీగతో బిగించాను.

మళ్లీ నింపాం. ముల్లు దాదాపు కదల్లేదు. గదిలో గోడ గడియారం ఉందని తెలుసు గానీ, దానికి చప్పుడుందని ఆ రోజే తెలిసింది. పది నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత ఇంకో రెండు.

"మూడోది మాట అలా ఉంచు. రెండోదానికి కూడా సెలవివ్వచ్చా?" అన్నాడు యజమాని.

"రోజూ కాకపోయినా చాలా రోజులు ఇవ్వచ్చు సార్."

"సోమవారం వచ్చి కాగితం తీసుకో. ఖాయం చేస్తున్నాను."

ఆయన వెళ్లాక అది జేబులోంచి నలిగిన ఎర్ర చీటీ తీసి నా చేతిలో పెట్టింది. ఒకటో నంబరు. దాని మీద తను వెతకడం మొదలెట్టిన రోజు తేదీ ఉంది.

"మొదటి రోజే దొరికింది మామయ్యా."

"మరి చెప్పి చావొచ్చుగా! ఉద్యోగం ఊడేది కదే!"

"నువ్వే చెప్తావని తెలుసు."

"చెప్పకపోతే?"

సబ్బునీళ్ల డబ్బాకి మూత బిగించింది. "అమ్మకి చెప్పేదాన్ని."

మా అక్క నోటి సంగతి నాకు తెలుసు. ఆ చీటీ గొట్టానికి నేనే కట్టాను. తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటుంటే, ఏమైందని అడిగింది.

"ఏముంది, గాలి కట్టేయించావుగా, చెమట" అన్నాను.