చెక్క చెంచా

గేటు ఊచలకు ఎర్ర ప్రైమరు పూస్తున్న ఆవిడకు వెనకనుంచి థూ అని వినిపించింది. వీధికంతా గేట్ల మామ అయిన ఆమె మొగుడు వెల్డింగు అద్దం పైకెత్తి మళ్ళీ ఉమ్మాడు.

"నోరంతా ఇనుమే!"

జీవితమంతా ఇనుప పొడి పీల్చినా ఆయనకు ఇన్నాళ్ళూ దాని రుచి తెలియలేదు. కేన్సరు మందులు ఎక్కించడం మొదలయ్యాక మంచినీళ్ళు కూడా తుప్పు గొలుసు నాకినట్టున్నాయంటాడు. పని మానమంటే మాత్రం ఇంతెత్తున లేస్తాడు.

మధ్యాహ్నం ఆవిడ జావ పోసి ప్లాస్టిక్ చెంచా వేసి ఇచ్చింది.

"నా చెంచా ఏదే?"

పెళ్ళైన కొత్తలో స్టీలు ముక్క కాల్చి, పిడికి తీగ మెలిక తిప్పి ఆయనే చేసుకున్న చెంచా అది.

"అటక మీద పెట్టాను. లోహం తగిలితే నోరు ఇంకా పాడవుతుందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పిందిగా."

"నా చేత్తో చేసింది నాకే పడదా?"

రొప్పుకుంటూ వెనక గదిలోని అటకెక్కి దించుకొచ్చాడు. మొండిగా రెండు చెంచాలు మింగాడు. మూడోది గోడమీద ఉమ్మేశాడు.

"ఇదొక వంటా?"

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జావ మార్చాను, గిన్నె మార్చాను, రోజూ తిట్లు తిన్నాను. ఆ చెంచాని మాత్రం ఒక్క మాట అనవు! నీ రోగం నా వంటలో ఉందా బావా?"

చెంచా లాక్కుని విసిరికొట్టింది. అది ఖంగుమని ఊచల మధ్య పడింది.

ఆ పూటంతా వెల్డింగు ముట్టుకోలేదు. పెట్టె చెక్క ఒకటి పట్టుకుని కత్తితో గీస్తూ కూర్చున్నాడు. పిడికి పాత చెంచాలా తీగ మెలిక రాలేదు. చెక్క కరగదు, అతకదు. దాన్నీ తిట్టాడు.

సాయంత్రం చల్లటి పండు ముక్కలమీద నిమ్మరసం పిండి ఆవిడ ఆయన ముందు పెట్టింది. కొత్త చెంచాతో తిన్నాడు.

"ఎలా ఉంది?"

"చెక్కలా ఉంది."

"ఇనుములా లేదుగా?"

"లేదులే!" అని కసిరి, గిన్నె ఖాళీ చేశాడు. ఆ కసురుకే ఆవిడకు ఏడుపొచ్చింది.

ఆ గేటు బిగించకముందే ఆయన పోయాడు. ప్రశాంతంగా పోయాడన్న వాళ్ళందరిమీదా ఆవిడకు ఒళ్ళు మండింది. ఏం ప్రశాంతం? చివరిదాకా తిట్టుకుంటూనే తిన్నాడు, తిట్టుకుంటూనే పోయాడు.

మిగిలిన ఊచలకు ఆవిడే రంగు పూసింది. చేతులు కడుక్కుందామని కిటికీ పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. గూట్లో చెక్క చెంచా ఉంది, పిడి మెలిక సగంలోనే ఆగిపోయి, అంచున కోపంగా కొరికిన పంటిగాటుతో.