మైకు ముందు మనిషి

భోజనాల దగ్గర అన్నయ్య ఫోన్ అందరికీ చూపించాడు. బస్టాండు అనౌన్సర్ ఒకాయన "మూ... మూ... మూడో నంబరు" దగ్గర ఆగిపోయి మొదటికొస్తున్నాడు. అమ్మకు నవ్వీ నవ్వీ పొలమారింది. వదిన నీళ్లందిస్తూ తనూ నవ్వింది. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు కదా, ఇందులో తప్పేముందని మనకూ అనిపిస్తుంది.

చెల్లెలికి మాత్రం ఆ వీడియో కొత్త కాదు. ఇంటర్నెట్‌లో ఒక నవ్వులాట ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి ఎలా పాకుతుందన్నదే యూనివర్సిటీలో ఆమె పరిశోధన. ఆ వీడియో మొదలైన చోటు చూద్దామని మర్నాడే బస్టాండుకు వెళ్లింది.

అనౌన్సర్ మైకు దగ్గర లేడు. వీడియో బయటికొచ్చిన వారానికే ఆయన్ని లగేజీ గదిలో చీటీలు అంటించే పనిలో పెట్టారు.

"మిమ్మల్ని పదకొండు లక్షల మంది చూశారండీ. నా దగ్గర లెక్కుంది" అందామె ఆ గదికి వెళ్లి, ఉత్సాహంగా.

ఆయన చేతిలో ఉన్న చీటీని ఒక పెట్టెకు అంటించి తలెత్తాడు. "పంతొమ్మిదేళ్లలో నా వల్ల ఎం... ఎంతమందికి బస్సు తప్పిందో, ఆ లెక్కుందా అమ్మా?"

ఆమె లెక్కలున్న ఫోన్ సంచిలో పెట్టేసుకుంది.

ఆ నెలలోనే ఆమె తన పరిశోధన వినిపించాల్సిన సదస్సు. "ముందు ఆ క్లిప్పు వెయ్యమ్మా, హాలు కాస్త తేలికపడుతుంది" అన్నాడు ప్రొఫెసర్.

"వెయ్యను సార్."

"నీ పరిశోధనకు ఆధారమే అది!"

"ఆ మనిషి నవ్వులపాలవడానికి నేనూ ఒక చెయ్యి వెయ్యను సార్."

ప్రొఫెసర్ ముఖం ముడుచుకున్నాడు. ఆమె థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. పోతే పోయిందనుకుంది. అనౌన్సర్‌ని వెంటబెట్టుకుని డిపో మేనేజర్ గదిలోకి నడిచింది.

"జనం నవ్వుతున్నారయ్యా, నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు మేనేజర్.

"న... నవ్వనివ్వండి సార్. బస్సు ఎక్కడుందో తెలుస్తుంది కదా!"

"ఫిర్యాదుల పుస్తకాలు తెప్పించండి. ఈయన మీద ఒక్కటున్నా వెళ్లిపోతాం" అందామె.

పాత పుస్తకాలు దుమ్ము దులిపి తెచ్చారు. మధ్యాహ్నం దాకా ముగ్గురూ పేజీలు తిప్పారు. సీట్లు చిరిగాయని ఉంది, కండక్టర్ కసిరాడని ఉంది, కుళాయి రావట్లేదని ముప్పైసార్లుంది. ఆయన మీద ఒక్క ముక్క లేదు. మేనేజర్ చివరి పుస్తకం మూసి, గొంతు సవరించుకుని, "సోమవారం నుంచి మైకు దగ్గరికి వెళ్లు" అన్నాడు.

సోమవారం పొద్దున మైకు గరగరలాడింది. "ఐ... ఐ..." ఎవరో కిసుక్కుమన్నారు. ఒక ఫోన్ పైకి లేచింది. ఆయన దాన్ని చూశాడు. తొందరపడలేదు, గొంతు తగ్గించలేదు. "ఐ... ఐదో నంబరు ప్లాట్‌ఫారం" అని పూర్తిచేశాడు. సంచులు సర్దుకుని జనం ఐదో నంబరు వైపు నడిచారు.

నత్తి ఆయనదే. సిగ్గు మాత్రం దాన్ని పదిమందికీ పంపి నవ్విన మనందరిదీ.