ఎత్తి పోసిన కల్లు

మా అమ్మ సోమమ్మ కల్లు పోస్తే నురగ రాదు. చిట్యాల చుట్టుపక్కల ఎవరిని అడిగినా ఈ మాట చెప్పేవాళ్లు. మాది గౌండ్ల ఇల్లు. మా బాపు గాలయ్య తాడు, అంటే తాటిచెట్టు, ఎక్కి కల్లు దించేవాడు, అమ్మ చెట్ల కింద పోసేది. తాగేవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, తాటాకు మడిచి చేసిన రేకను రెండు చేతులతో పట్టుకునేవాళ్లు. అమ్మ లొట్టి, అంటే కల్లుకుండ, మూతిని రేక అంచుకు ఆనించి సన్నగా ఒంపేది. ముందొచ్చినవాళ్లకు ముందు పోయాలన్నది ఆమె చట్టం. ఒకసారి ఊరి శిస్తు వసూలుచేసే మాలీపటేలు వరస తప్పబోతే లొట్టి పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆయనే వెనక్కి వెళ్లాడు.

ఒక్క జంగయ్య సంగతి వేరు. ఆయన మాదిగవాడ నుంచి వచ్చేవాడు. ఊరందరికీ చెప్పులు, బావి నీళ్లు తోడే మోటలకు తోలు తొండాలు కుట్టేవాడు. మా బాపు తాడెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే తోలుపట్టా కుట్టింది కూడా ఆయనే. వరసకు పది అడుగుల అవతల తుమ్మకంప పక్కన కూర్చునేవాడు. అందరి తాగుడూ అయ్యాక, "గౌండ్లమ్మా, జర నా దిక్కు జూడు" అనేవాడు. అమ్మ నిలబడి, లొట్టి రేకకు తగలకుండా భుజం దాకా ఎత్తి పోసేది. నురగ ఆయన మోచేతుల మీదుగా కారిపోయేది. నేను రోజూ చూసేదాన్ని. ఏనాడూ నాకది తప్పుగా తోచలేదు, ఆ మాట దాచను.

అవి అరవైల మొదటి ఏళ్లు. బెజవాడ దిక్కు మద్యనిషేధం, మా దిక్కు లేదు. అటు నుంచి కార్లలో వచ్చే పెద్దమనుషులకు మా జిల్లా చేరేసరికి గొంతు తడారిపోయేది. వాళ్ల కోసం పట్నం షావుకారు ఒకాయన రోడ్డు పక్కన పెద్ద హోటల్ కట్టి, అందులో బార్ పెట్టాడు. పొద్దున్నే దించిన తియ్యటి కల్లు మా దగ్గరే కొనేవాళ్లు. నాకు పెళ్లయి రెండేళ్లు. అత్తగారిది మోత్కూరు. ఎండాకాలం తాళ్ల పని ఎక్కువని పుట్టింటికి వచ్చి ఉన్నాను. పొద్దున్నే నేనూ అమ్మా కుండలు నెత్తిన పెట్టుకుని వెళ్లి హోటల్ వెనక తలుపు దగ్గర దించి వచ్చేవాళ్లం.

అక్కడ గిన్నెలు కడిగే మల్లన్న మా ఊరివాడే. ఒకరోజు అమ్మ చెవిలో వేశాడు. "అక్కా, మన కల్లుల ఇంగిలీషు మందు గల్పి, నిమ్మకాయ పిండి, మంచుగడ్డలేసి అద్దాల గిలాసల ఇస్తాండ్రు. కాక్‌టెయిల్ అంటరంట. దొరలు ఎగబడి తాగుతాండ్రు."

అమ్మకు ఆ మాట పట్టుకుంది. ఎవరి ఇంటికో కోడలిగా పంపిన కూతురును చూడాలన్నంత ఆరాటం ఆమెది. "నా చేతి కల్లు ఆడ ఏమైతాందో ఒక్కపారి తాగి జూడాలె గదనే" అని నాతో నాలుగు రోజులు అన్నది. అయిదో రోజు కుంకుడుకాయతో తలంటుకుని, పెళ్లిళ్లకు కట్టే ఎర్రంచు చీర కట్టి, కొంగున పైసలు ముడేసుకుని బయలుదేరింది. వెంట నేనూ వెళ్లాను. ఆ రోజు మేం ముందు తలుపు నుంచి లోపలికి పోయాం.

లోపల చల్లగా, మసకగా ఉంది. కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడకలు కట్టారు. నలుగురైదుగురు కుర్చీల్లో కూర్చుని తాగుతున్నారు. పోసేచోటు ఎక్కడో అమ్మ కళ్లతోనే వెతికింది. బల్ల వెనక తెల్లకోటు మనిషి సీసాలు వంచుతున్నాడు. ఆమె వెళ్లి ఆ బల్ల ముందు, తాగేవాళ్లందరి చివర, నేల మీద గొంతుక్కూర్చుంది. వంతు వస్తే ఎవరైనా అలాగే కదా కూర్చునేది! నాకు సిగ్గేసింది. అయినా పక్కన కూర్చున్నాను.

బేరర్ మమ్మల్ని చూశాడు, చూడనట్టు దాటిపోయాడు. పళ్లెంతో అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. మా తర్వాత ఇద్దరు వచ్చారు, వాళ్లకు గ్లాసులు వెళ్లాయి. ఇంకొకాయన వచ్చాడు, ఆయనకూ వెళ్లింది. అమ్మ ముఖం మెల్లగా ఎర్రబడుతోంది. తనను పట్టించుకోలేదని కాదు, వరస తప్పిందని.

"ఓ బిడ్డా, గాళ్లకంటె ముందు నేనొచ్చిన" అంది లేచి.

"ఇదేం కల్లు దుకాణం అనుకున్నావా? లే, బయటికి నడు" అన్నాడు వాడు.

మేనేజరు వచ్చాడు. మనిషి సన్నం, మాట మెత్తన. "సరుకు తెచ్చేవాళ్లు వెనక తలుపుకు రావాలని తెలీదామ్మా?"

"సరుకియ్యనీకి రాలే. తాగనీకొచ్చిన. పైసలు తెచ్చిన."

కుర్చీల్లోవాళ్లు గొల్లున నవ్వారు. "పాపం, కాస్త పోసి పంపించండి" అని ఒకాయన దయ చూపించాడు. ఆ నవ్వు కంటే ఆ దయకే నాకు ఎక్కువ మండింది. మేనేజరు, "వెనక్కి రా, పోయిస్తాను" అన్నాడు. అమ్మ వెళ్లింది. ఆమెకు ఆ రుచి చూడాలని అంత ఆశ.

వెనక తలుపు దగ్గర బేరర్ అద్దపు కూజాతో వచ్చాడు. గ్లాసు లేదు. "చేతులు పట్టు" అన్నాడు. అమ్మ అలవాటుగా రెండు చేతులూ దోసిలి పట్టింది. వాడు కూజాను భుజం దాకా ఎత్తి, చేతులకు తగలకుండా పోశాడు. నురగ ఆమె మోచేతుల మీదుగా ఎర్రంచు మీదికి కారింది. నిమ్మచెక్క ఒకటి దోసిట్లో పడింది.

అమ్మ తన మోచేతులను చూసుకుంది.  తర్వాత దోసిలి విడదీసింది. కాక్‌టెయిల్ అంతా మట్టిలోకి పోతోంది.

"పొయ్యి, ఇంక పొయ్యి" అంది. వాడు బిత్తరపోయి ఆగాడు. ఆమె మాత్రం గొంతు పెంచలేదు. "రేపటి సంది నీ గుమ్మంలకు కల్లు రాదు. మీ మేనేజరుకు జెప్పు. కావాల్నంటె తాళ్లల్లకు రమ్మను. అందరి తీర్గ వరసల కూసుంటె పోస్త."

దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను.  కారిన కల్లు అమ్మ చేతుల మీద జిగటగా ఎండింది. దారిలో వాగు వచ్చినా కడుక్కోలేదు.

"గంతెత్తు నుంచి పోసిండే" అంది చివరికి.

"వానికి కండ్లు నెత్తికెక్కినయమ్మా."

"నేనంటున్నది వాని సంగతి గాదే."

ఎవరి సంగతో నాకు మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. తాళ్లల్లో పది పన్నెండు మంది కూర్చున్నారు. అందరికంటే ముందొచ్చిన జంగయ్య ఎప్పటిలా తుమ్మకంప పక్కనే ఉన్నాడు. బాపు చెట్టు మీద ఉన్నాడు. అమ్మ ఎల్లమ్మ తల్లి పేరు మీద నాలుగు చుక్కలు నేల మీద వదిలి, తుమ్మకంప వైపు తిరిగింది.

"జంగన్నా, గిటు రా. వరసల కూసో."

అన్నేళ్లూ ఆమె ఆయన్ని "జంగిగా" అనే పిలిచేది. జంగయ్య చేతిలోని రేక కిందపడింది. "నన్ను బతకనియ్యి గౌండ్లమ్మా. ఈడనే మంచిగున్న."

"మంచిగ లేవు. నిన్న నా మోచేతుల మీదికెల్లి కారింది. మంచిగుండదని నాకు ఎరికైంది."

గొర్లు కాసే బీరన్న లేచాడు. "గాడు పక్కన కూసుంటె మేం తాగాల్నా?"

"తాగకు. నీ రేక, నీ ఇష్టం. లొట్టి మాత్రం నా చేతులుంది."

"ఓ గాలన్నా! నీ పెండ్లానికి మతి తప్పింది. జర బుద్ధి చెప్పు!" అని బీరన్న పైకి అరిచాడు.

అందరం తలలెత్తాం. బాపు తాటి మట్టల నడుమ, తోలుపట్టాకు నడుము ఆనించి వెనక్కి వాలి ఉన్నాడు. కత్తి ఆపి కిందికి చూశాడు. "నేను జంగయ్య కుట్టిన పట్టా మీద ఆగి ఉన్న బీరన్నా. గీడికెల్లి ఆయనను దూరం కూసోమని ఎట్ల జెప్పాలె? కిందున్నోళ్లే తేల్చుకోండ్రి."

బీరన్న రేక విసిరేసి వెళ్లాడు. సగంమంది ఆయన వెనకే వెళ్లారు. వానాకాలం దాకా వాళ్లు మా తాళ్లకు రాలేదు. మాకు కష్టమే అయింది. అయినా అమ్మ ఒక్కరినీ బతిమాలలేదు.

ఆ పొద్దున, గొడవలో లేచిన జంగయ్య తుమ్మకంపకూ వరసకూ మధ్యలోనే నిలబడి ఉన్నాడు. అంతలో కారు చప్పుడైంది. మేనేజరు దిగాడు, వెనక కుండలతో ఇద్దరు పనివాళ్లు. సాయంత్రం పెద్ద పార్టీ ఉందట. ఎంతంటే అంత ఇస్తానన్నాడు.

అమ్మ తలెత్తలేదు. "వరస ఉంది. జంగన్న ముందొచ్చిండు. గాయన ఎనుక కూసో, పోస్త."

మేనేజరు జంగయ్యను చూశాడు, నేలను చూశాడు, ఇస్త్రీ ప్యాంటును చూసుకున్నాడు. పనివాళ్లను వెనక్కి రమ్మని సైగ చేసి కారెక్కాడు. తర్వాత హోటల్‌వాళ్లు కల్లు వేరే ఊరి నుంచి తెప్పించుకున్నారని మల్లన్న చెప్పాడు.

కారు లేపిన దుమ్ము తగ్గాక జంగయ్య మెల్లగా వచ్చి వరస మొదట్లో కూర్చున్నాడు. కొత్త రేక మడిచి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. అమ్మ ముందుకు వంగి, లొట్టి మూతిని రేక అంచుకు ఆనించి సన్నగా ఒంపింది. ఒక్క బుడగ లేవలేదు. జంగయ్య ఒక గుక్క తాగి ఆగాడు. రేకలోకి చూశాడు, అమ్మ ముఖంలోకి చూశాడు.

"కల్లు గింత కమ్మగుంటదా గౌండ్లమ్మా? ఇరువై ఏండ్ల సంది నాకు నురగే పోసినవ్."

 అమ్మ రేక మళ్లీ నింపింది.