చెయ్యి ముందు ఎవరెత్తాలి

ఊరంతా డాక్టర్ గారని పిలిచే మందుల షాపు గాస్పరేకి ఈ ఏడు బీచ్‌లో మొదటి వరస గొడుగు దొరికింది. రెండో వరసలో పంతొమ్మిది వేసవులు గడిపిన సర్వేయర్ రినాల్దోకి ఇప్పుడు సముద్రం కనబడాలంటే ముందు గాస్పరే వీపు కనబడాలి. దాన్నైనా భరించేవాడే. కానీ భార్య నీవెస్ కూడా ఆ వీపునే చూస్తోంది.

పొద్దున గాస్పరే నీళ్ళ మీద తేలే పొడవాటి పలకెక్కి, నిలబడి తెడ్డేసుకుంటూ పోతుంటే నీవెస్ అంది: "అరవై దాటాయి. పొట్టెక్కడుందో చెప్పు చూద్దాం."

"లోపలికి పీల్చాడు. ఊపిరి వదిలితే బయటికొస్తుంది."

"నువ్వూ పీల్చుకోవచ్చుగా."

ఆ మాటతో రినాల్దో తనూ పలకెక్కాలని తీర్మానించుకున్నాడు. అయితే ఒంటిగంటకి లసాన్యా తిన్నాడు. తిన్నాక మూడు గంటలు గడిచేదాకా నీళ్ళలో దిగకూడదని ఆ ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. గడియారం చూసుకుంటూ నాలుగింటి దాకా ఆగాడు. గాస్పరే కూడా ఆగాడు. ఈలోగా కొండల వైపు నుంచి గాలి లేచింది.

కాపలా పిల్ల ఇలారియా పసుపు జెండా ఎగరేసింది. "గాలి సముద్రంలోకి తోస్తోంది. నడుంలోతు దాటకండి. రాలేకపోతే పలక వదలకుండా చెయ్యెత్తండి, నేనొస్తాను."

"తిని మూడు గంటలైందమ్మా," అన్నాడు రినాల్దో ధీమాగా.

ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇద్దరూ పలకలెక్కారు. రినాల్దో గాస్పరేని దాటాడు. గాస్పరే రినాల్దోని దాటాడు. వెనక్కి తిరిగేసరికి ఒడ్డున నీవెస్, చొక్కా గుండీ అంతై కనబడింది. ఎంత తెడ్డేసినా గుండీ చిన్నదవుతోందే తప్ప పెద్దదవడం లేదు. పక్కన గాస్పరే కూడా ఉన్నచోటే చెమటలు కక్కుతున్నాడు.

"హాయిగా ఉంది కదూ, సర్వేయర్ గారూ."

"బ్రహ్మాండంగా ఉంది, డాక్టర్ గారూ. వెళ్ళిపోతున్నారా?"

"అబ్బే, ఇంకాసేపు. మీరు?"

"నాకేం తొందర."

ఇద్దరూ పలకల మీద కూలబడ్డారు. ముందు చెయ్యెత్తినవాడు ఇక బతికినన్నాళ్ళూ ఈ ఊళ్ళో చెయ్యెత్తినవాడే. అదీ నీవెస్ చూస్తుండగా. కోర్సికా దీవికి కొట్టుకుపోవడమే నయమనిపించింది రినాల్దోకి. అంతలో ఒక అల పలకని ఇంతెత్తు లేపి కింద పడేసింది. అతను చెయ్యెత్తాడు.

"ఏంటది, సర్వేయర్ గారూ?"

"మా ఆవిడకి చెయ్యూపుతున్నా."

"అలాగా. నేనూ ఊపుతాను మీ ఆవిడకి," అని గాస్పరే రెండు చేతులూ ఎత్తేశాడు.

ఇలారియా ఎర్ర పడవలో వచ్చి ఇద్దర్నీ ఎక్కించుకుంది.

నీవెస్ మోకాళ్ళలోతు నీళ్ళలో తువ్వాలు పట్టుకుని నిలబడింది. పడవ ఒడ్డు చేరకముందే గొంతు అందింది. "బుద్ధుందా నీకు? అంత గాలిలోనా? నేనేమైపోవాలనుకున్నావు? పలకెక్కే మొహమేనా ఇది?" తిడుతూనే అతని తల బరబరా తుడుస్తోంది.

మొదటి వరసలో గాస్పరే భార్య బోర్లా పడుకుని ఎండ కాచుకుంటోంది. భర్త వెళ్ళిన సంగతీ తెలీదు, వచ్చిన సంగతీ తెలీదు. గాస్పరే నీళ్ళోడుతూ నిలబడి, నీవెస్ తిట్లన్నీ శ్రద్ధగా వింటున్నాడు. అతని మొహంలో ఉన్నదేమిటో రినాల్దో ఇట్టే పోల్చుకున్నాడు. వేసవి అంతా ఆ వీపు చూస్తూ తను మోసిందే మరి.

నీవెస్ ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఇంకా?" అన్నాడు రినాల్దో, తల ఇంకాస్త వంచి.