ప్లగ్గు ఖాళీ లేదు

మా ఇంట్లో వేడి వస్తువులకి పనికొచ్చే ప్లగ్గు ఒక్కటే. పడగ్గదిలో, అద్దం పక్కన ఉంటుంది. ఆ పొద్దున ఇస్త్రీ పెట్టె పట్టుకుని వెళ్లేసరికి అమ్మాయి అప్పటికే దానికి తన స్ట్రెయిటనర్ తగిలించేసింది. "అయిదు నిమిషాలమ్మా" అంది. దాని అయిదు నిమిషాలు నాకు తెలీనివా? పదకొండింటికి వాళ్ల నాన్నకి ఆఫీసులో వీడ్కోలు సభ. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు. ఆయన తెల్ల చొక్కా నా భుజం మీదుంది.

జుట్టుని తిన్నగా చేసే ఆ పెట్టెతోనే అది రింగులు తిప్పుకుంటోంది. ఒక పాయ తీసి, పలకల మధ్య పట్టి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి మెల్లగా కిందికి జారుస్తుంది. వదలగానే పాయ చుట్టుకుని పైకి ఎగురుతుంది. చూడ్డానికి బాగానే ఉంది. నా కళ్లు మాత్రం వైరు మీద, కిటికీ తెర మీద, మంచం దుప్పటి మీద.

"ఫైరింజను బయల్దేరిందా?" అన్నారు ఆయన హాల్లోంచి.

నాకు ఆయన పెట్టిన పేరది. అల్లుడు కూడా నేర్చుకున్నాడు. గ్యాస్ కట్టేశానా, తలుపు వేశానా, ఫోన్ ఎత్తట్లేదంటే ఏమై ఉంటుంది అని నేను అడుగుతూనే ఉంటాను, వాళ్లు నవ్వుతూనే ఉంటారు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నాకు కీడెంచేసరికే పొద్దు గూకుతుంది, మేలు వంతు రానే రాదు.

అమ్మాయి ఎడమ వైపు జుట్టు పైకెత్తింది. చెవి కింద, మెడ మీద, రెండు వేళ్ల పొడుగున ముదురు ఎరుపు మచ్చ. అంచు గీత గీసినట్టుంది.

"అదేంటే?"

"ఏది? అదా? ఇదే తగిలింది, మొన్న."

తగిలింది. ఆ మాట ఇరవై ఆరేళ్లుగా నేను చెప్తున్నదే. నా కుడి ముంజేతి మీద పడవ ముక్కులాంటి మచ్చ ఉంది. చూసినవాళ్లంతా అడిగారు, అందరికీ అదే చెప్పాను. ఇస్త్రీ పెట్టె తగిలింది. ఆ జవాబు నాది కూడా కాదు, మా అత్తయ్య నేర్పింది. ఆవిడ గుమ్మంలోంచి అంతా చూసింది. చూసి, టూత్‌పేస్టు తెచ్చి రాసి, ఊదుతూ చెప్పింది. "ఎవరైనా అడిగితే ఇస్త్రీ పెట్టె తగిలిందను. అబద్ధం కాదుగా పిల్లా, తగిలింది పెట్టేగా."

నిజమే, అబద్ధం కాదు. అందుకే అంత బాగా పనిచేసింది. తర్వాత బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు ఇస్త్రీ చేసే పనికి వెళ్లినప్పుడు, సూపర్‌వైజరు ఆ మచ్చ చూసి "అయితే అనుభవం ఉందన్నమాట" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. పగలంతా అక్కడ కాలర్లు, ఇంటికొచ్చాక ఇక్కడ చొక్కాలు. నిన్న రాత్రి అన్నం తింటూ ఆయన చెప్పారు. "రేపు ముందు వరసలో కూర్చోవాలి. పొడుగు చేతుల జాకెట్టు వేసుకో, చూసేవాళ్లకి బావుండదు."

కాబట్టి తగిలిందంటే నాకు చాలదు. తగిలినప్పుడు పిడి ఎవరి చేతిలో ఉందో కావాలి. దాన్ని అడగడం ఎలా? పెళ్లయి రెండేళ్లు. అల్లుడు మంచివాడనే అందరూ అంటారు. ఈయన్నీ అలాగే అంటారు, ఇవాళ మైకులో కూడా అంటారు.

"నాకూ తిప్పవే" అన్నాను.

అమ్మాయి తిరిగి చూసింది. "నీకా? నిజంగా?" దాని మొహం వెలిగిపోయింది. నన్ను లాగి స్టూలు మీద కూర్చోబెట్టింది. చొక్కా మంచం మీద పెట్టాను. పొద్దున్నే పొడుగు చేతులు ఎక్కడ వేసుకుంటాను, ఇంటి జాకెట్టుతోనే ఉన్నాను. నా జుట్టు ఇంకొకరి చేతిలో ఉండి ఎన్నేళ్లయిందో. అద్దంలో నేను జుట్టు చూడలేదు, దాని చెయ్యే చూశాను. ఎడమ చెయ్యి. చిన్నప్పటి నుంచీ దానిది ఎడమచేతి వాటమే.

"అల్లుడు బాగా చూసుకుంటున్నాడా?"

"మళ్లీ మొదలెట్టావా?"

సగం తల అయ్యేసరికి దాని ఫోన్ మోగింది. ఎత్తి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, "ఆఁ, చెప్పు" అంటూ పాయ తిప్పుతూనే ఉంది. అల్లుడే. దారిలో ఉన్నాడట, పూలదండ మర్చిపోయాడట. "నీ తల మర్చిపోలేదు కదా" అని నవ్వింది. నవ్వుతూ, మొహం మీద పడ్డ తన జుట్టుని పెట్టె పట్టుకున్న చేత్తోనే వెనక్కి తోసుకోబోతూ మెడ వంచింది. వేడి పలక అంచు సరిగ్గా ఆ మచ్చకి వెంట్రుకవాసిలో ఆగింది.

"అమ్మో, మళ్లీ తగిలేదే" అని ఫోన్ పెట్టేసింది. "చూశావా, మొన్నా ఇంతే. ఫోన్లో మాట్లాడుతూ తిప్పొద్దని ఆయన చెప్తూనే ఉంటాడు."

దాని చెయ్యే. నా బిడ్డ చెయ్యే. ఎంత అలిసిపోయి ఉన్నానో అప్పుడు తెలిసింది. కళ్లల్లోంచి నీళ్లు వాటంతటవే కారాయి.

"ఏడుస్తున్నావేంటి? అమ్మా... ఆయన చేశాడనుకున్నావా?" అమ్మాయి గొంతులో కోపం. "ఎంత ఘోరమైన ఆలోచన! నీకు అసలెలా తట్టింది? ఎవరైనా అలా చేస్తారా?"

ఎవరైనా అలా చేస్తారా. ఇరవై ఆరేళ్లలో ఒక్కరు కూడా అడగని ప్రశ్న. నేను ముంజెయ్యి అద్దం ముందు పెట్టాను.

"తెలుసులే, ఇస్త్రీ పెట్టె తగిలిందిగా."

"ఎవరు తగిలించారో అడుగు."

అమ్మాయి నా జుట్టులోంచి ఇంకో పాయ తీసి పలకల మధ్య పట్టింది.

"నీకు మూడేళ్లు. కరెంటు పోయొచ్చింది. పెట్టె ఇంకా వేడెక్కలేదండీ, కాసేపాగండి అన్నాను. వేడెక్కలేదా, చూద్దాం అని నా చేతిలోంచి తీసుకున్నారు మీ నాన్న. చూశారు."

దాని చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది, నా పాయ పలకల మధ్యే ఉంది. సన్నగా పొగ లేచింది.

"ముందది తియ్యవే, జుట్టు మాడుతోంది."

తీసింది. పెట్టె ఎక్కడ పెడుతుందో అని ఆ క్షణంలో కూడా నా కళ్లు దుప్పటి మీదికే పోయాయి.

"ఏయ్ ఫైరింజను, ఏదో కాలుతున్న వాసనొస్తోంది!" హాల్లోంచి ఆయన. "చొక్కా తగలబెట్టావా ఏంటి? టైమవుతోంది, ఇస్త్రీ అయిందా?"

అమ్మాయి నా వైపు చూసింది. అద్దంలో నా తల ఒక పక్క రింగులు, ఒక పక్క తిన్నగా. మంచం మీద తెల్ల చొక్కా ముడతలతో ముద్దగా పడి ఉంది. నేను జాకెట్టు చేతులు ఇంకాస్త పైకి మడుచుకున్నాను.

"రెండో పక్క కూడా తిప్పు" అన్నాను దానితో. తర్వాత హాల్లోకి వినపడేలా గొంతు పెంచాను.

"ప్లగ్గు ఖాళీ లేదు."