నేల తాకని బిందె

ఇసుక చల్లగా ఉంది.

పెన్నలో నీళ్లు లేవు. ఉన్నాయి — మూరెడు లోతున, కనపడకుండా.

చేతులతో తోడితే గుంట అడుగున మొదట తడి. తర్వాత మెరుపు. తర్వాత, నిదానంగా, నీరు.

చెలమ తొందరపడదు.

వీరభద్రయ్య దాని ముందు కూర్చుని ఉన్నాడు. అరవై మూడేళ్లు. కుడి గజ్జలో కుట్ల మచ్చ, ఇంకా ఎర్రగా.

కోసి ముప్పై ఒక్క రోజులు.

జారిన పేగును లోపలికి నెట్టి కుట్టానని జమ్మలమడుగు ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆరు వారాలు చెంబుకు మించి ఎత్తవద్దన్నాడు. మళ్లీ జారితే, ఈ వయసులో, ఇంకోసారి కుట్టినా నిలవడం కష్టమన్నాడు.

ఆయన తల ఊపాడు.

ఒడ్డు మీద శివాలయం. అరవై మెట్లు. నలభై ఏళ్లుగా ఆయన మోసిన నీళ్లతోనే స్వామికి స్నానం. చెలమ నుంచి గర్భగుడి దాకా బిందె నేల తాకకూడదు. ఆ పూజారుల ఇంటి ఆచారం అది. తాత దించలేదు. తండ్రి దించలేదు.

పేగు జారిందీ ఆ మెట్ల మీదే. ఆరోజు కూడా దించలేదు.

ఇప్పుడు పూజ తమ్ముడి కొడుకు రామం చేస్తున్నాడు. ప్రొద్దుటూరులో బడిపంతులు. తెల్లవాళ్లు పోయి, కొత్త రాష్ట్రం వచ్చాక ఇది రెండో వేసవి. సెలవులని వచ్చి పెదనాయన పని అందుకున్నాడు. మంచివాడు. మంత్రం తప్పడు.

కానీ…

"మూడు చోట్ల దించుతాండావంట గదరా?" మొన్న మంచం మీది నుంచే అడిగాడు ఆయన.

"దించితే ఏమైతాది పెదనాయనా? నా నడుము సంగతి దేవునికి మాత్రం తెలీదా?"

చారన్నం కలుపుతున్న భార్య నాగరత్నమ్మ కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు. నవ్వితే కుట్లు లాగుతాయి.

మూడు చోట్ల. రోజూ మూడు చోట్ల.

కళ్లు మూస్తే అదే చప్పుడు — రాతి మీద ఇత్తడి.

దించడం సులువని తెలిశాక మళ్లీ ఎవరు మోస్తారు? సెలవులు అయిపోతే రామం పోతాడు. ఇంకెవరో వస్తారు. తాను ఎత్తలేకపోతే… ఆచారం తనతో సరి.

అందుకే ఈ తెల్లవారుజామున, నాగరత్నమ్మ పెరట్లో స్నానానికి పోయినప్పుడు, బిందె తీసుకుని ఏటికి దిగాడు.

పక్క చెలమలో కడవ ముంచుతున్న మహబూబ్‌బీ చూసింది.

"ఏంది సామీ, కడుపు కుట్టించుకోని మళ్లా మోస్తాండావు? డాక్టరు సూసినాడంటే నీ బిందెకు గూడా కుట్లేస్తాడు!"

"సగమే లేమ్మా."

"సగం బరువుకు సగం తెగుతాదా?"

ఆయన వంగి బిందె అందుకున్నాడు. భుజానికి ఎత్తాడు.

పది మెట్లు. ఇరవై. తడిపంచె కాళ్లకు అంటుకుంటోంది.

నలభయ్యో మెట్టు మీద… ఏదో.

కోత కాదు. నొప్పి కూడా కాదు. తడి ఇసుక గుంటలోకి ఒరిగినట్టు, మెత్తగా, ఒక జారుడు.

ఆగాడు. పక్కనే రాతి అరుగు. బిందె పెట్టవచ్చు. ఎవరూ చూడరు.

పెట్టలేదు.

స్వామి తల మీద నీళ్లు జారాయి. వీరభద్రయ్యకు సంతోషం కలగాల్సింది. ఎడమ చేతిలో బిందె. కుడి చెయ్యి గజ్జ మీద.

ఆ చెయ్యి ఇక అక్కడి నుంచి లేవలేదు.

పడుకుంటే ఏమీ లేదు. నిలబడితే — ఉందా? వాపా? పేగా? రోజంతా తడిమి చూసుకుని, అదుముకుని, తడిమి… వేళ్లకే నమ్మకం పోయింది. తుమ్ము వస్తే ముక్కు పిండుకున్నాడు. దగ్గు వస్తే మింగాడు.

"ఆ చెయ్యి యాడ పెట్టుకున్నారు?" అంది నాగరత్నమ్మ.

"దురద."

ఆమె చాలాసేపు చూసింది. మరుసటి రోజు నుంచి ఆయన తువ్వాలు కూడా తానే పిండింది. మంచం పక్కకు నీళ్లచెంబు తానే తెచ్చింది. ఒక్క మాట అడగలేదు.

అడిగితే బాగుండు.

నలభై రెండో రోజు. ఆసుపత్రి. తెల్లటి తెర. తెర అవతల నాగరత్నమ్మ గాజుల చప్పుడు.

డాక్టరు రెండు వేళ్లు మచ్చ పక్కన ఆనించాడు. చల్లటి వేళ్లు.

"దగ్గండి."

గొంతులో చిన్నగా దగ్గాడు.

"అట్లా కాదు. కడుపులోంచి."

గట్టిగా దగ్గితే తెలిసిపోతుంది. దగ్గనంత వరకు… ఇంకా ఆ మెట్లు తనవే.

పెదవులు బిగించాడు. వేళ్లు కదలడం లేదు. డాక్టరు ఎదురుచూస్తున్నాడు.

తెర అవతల గాజులు ఆగిపోయాయి.

"దగ్గండి," అంది నాగరత్నమ్మ. "నాకు తెలుసు. ఆ పొద్దు మీ పంచె నేనే పిండినా — అంతా ఏటి ఇసుకే. దగ్గండి… నేను ఈడే ఉండాను."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఊపిరి లోపలికి తీసుకున్నాడు — నిదానంగా, అడుగు దాకా…