చెరువు మీద మంట

అమ్మ పోతూ పోతూ గట్టినేల మీది తన ఇల్లు నాకిచ్చింది. ఆరేళ్ల కిందట మా అన్న ప్రొకోపీ వచ్చి, "అకులీనా, పిల్లలు ఎక్కువయ్యారే. అమ్మ ఇల్లు నాకియ్యి, చెరువుగట్టు మీది నా స్థలం నువ్వు తీసుకో. నీ ఆవులకి గడ్డి పక్కనే" అన్నాడు. అన్న అడిగాడు కదా, ఇచ్చేశాను. నేనూ మా ఆయన గవ్రీలూ గట్టు మీద దుంగలతో ఇల్లు కట్టుకున్నాం.

కొన్నాళ్లకి తలుపు పట్టేసింది. తర్వాత పొయ్యి బీటలు వారింది. నిరుడు ఇంటి మూల ఒకటి కుంగిపోయింది. వేసవులు ముదిరి, నేల కింద ఏడాదంతా గడ్డకట్టి ఉండే మంచు కరుగుతోంది, అందరి గతీ ఇంతే అని సరిపెట్టుకున్నాం.

చలి మొదలై చెరువు గడ్డకట్టాక యాకుట్స్క్ నగరం నుంచి పరిశోధకులు వచ్చారు. చెరువు మంచులో ఇరుక్కున్న తెల్లటి బుడగల దగ్గరికి ఊరందరినీ పిలిచారు. వాళ్లలో ఒకమ్మాయి మంచుకి చిల్లు పొడిచి అగ్గిపుల్ల చూపించింది. భగ్గున మనిషెత్తు మంట లేచింది.

"ఇది మీథేన్" అంది. "ఏనాటిదో గడ్డీ గాదం కింద మంచులో ఉంది. మంచు కరిగితే కుళ్లి ఈ వాయువు పుడుతుంది. పైకి పోయి భూమిని ఇంకా వేడెక్కిస్తుంది. దాంతో ఇంకా కరుగుతుంది."

అన్న పకపకా నవ్వాడు. "మీథేనో గీథేనో! మేం ఇల్లు మారకముందే ఇక్కడ వల వేస్తూ సిగరెట్ వెలిగించాను. కనుబొమలు మాడిపోయాయి! గట్టు జానెడు దిగిందీ ఆ ఏడే."

ఊరంతా నవ్వింది. గవ్రీలూ నవ్వాడు.

"ఇల్లు మారకముందా, అన్నా?" అన్నాను.

అన్న తడబడ్డాడు. "ఇంత అవుతుందని ఎవరికి తెలుసే!"

"గట్టు దిగిందని తెలుసు కదా."

"చెబితే ఇచ్చేదానివా మరి?"

కోపంగా కూడా అనలేదు, బేరంలో మామూలే అన్నట్టు అన్నాడు. ఇచ్చేదాన్నే. పిల్లలున్నవాడు, నిజం చెప్పి అడిగినా ఇచ్చేదాన్ని. అలా అడిగి చూడలేదు.

వారం తిరక్కుండా అన్న జాకీ, దుంగలు వేసుకుని వచ్చాడు. గవ్రీల్‌తో కలిసి రోజంతా మూల పైకెత్తాడు. సాయంత్రం అట్లు వేసి ముందుపెట్టాను.

"ఇంకా కోపమేనా?" అన్నాడు.

"తినండి, చల్లారిపోతాయి."

"తినండేమిటే? నీ అన్నని!"

"టీలో పాలు పోయమంటారా?"

అట్టు ముట్టుకోకుండానే టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మంచు విడిచాక ఆ మూల మళ్లీ దిగింది. ఇంటి దుంగలు విప్పి ఊరి అవతల మిట్ట మీదికి మార్చుకున్నాం. ట్రాక్టర్ పంపుతానని అన్న కబురు పెట్టాడు. మేం వేరేవాళ్లది మాట్లాడుకున్నాం.